వాకౌట్ చెయ్యని రోజు

మా ఊరి పేరు రాయను. రాశానంటే రేపట్నుంచి మా వీధికి కొళాయి నీళ్ళు రావు. తెనాలికీ, బాపట్లకీ, రేపల్లెకీ మా బస్టాండు నుంచి బస్సులున్నాయి, అంతవరకు చాలు. నేను పుట్టింది తెనాలిలో, డిగ్రీ చదివింది బాపట్లలో, కాపురానికి వచ్చింది ఇక్కడికి. మా వారికి మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు ఉంది. నాకు నోరు ఉంది. ఆ నోరు చూసే పార్టీ వాళ్ళు కౌన్సిలర్ టికెట్ ఇచ్చారని మా వారు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్తుంటారు. నేనూ కాదనను. వార్డులో నేను గెలిచాను, ఊళ్ళో మా పార్టీ ఓడిపోయింది. అలా ప్రతిపక్షంలో కూర్చున్నాను.

కూర్చున్నాక తెలిసింది, అబ్బో, ఆ సీటు ఎంత హాయో! పాలకపక్షం వాళ్ళకి బల్లలు చరచడం తప్ప వేరే పనిలేదు. నోరు తెరిస్తే వాళ్ళ నాయకుడికి కోపం. మాకు ఆ బాధ లేదు. జనం కట్టిన పన్ను ఎటు పోయింది, ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అని అడగడానికే మమ్మల్ని పంపారు. అడుగుతాను. అడిగితే ఒకరిద్దరు మొహం చిట్లిస్తారు, చిట్లించుకోనీండి. మా అత్తగారు మొదట్లో భయపడేది, "అందరితో గొడవలెందుకే తల్లీ" అని. తరవాత తరవాత ఆవిడకే సరదా పుట్టింది. మీటింగయి ఇంటికొచ్చేసరికి మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "ఇవాళ ఎవర్ని కడిగేశావు?" అని అడిగేది.

మా కౌన్సిల్ మీటింగు ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి. లేకపోతే ఆ శనివారం జరిగింది మీకు అర్థం కాదు.

మునిసిపల్ ఆఫీసు పై అంతస్తులో హాలు. వేదిక మీద చైర్‌పర్సన్, పక్కన కమిషనర్, కింద గుమాస్తా. ఆ సీటు ఆడవాళ్ళకి రిజర్వ్ అయింది కాబట్టి చైర్‌పర్సన్ ఆడమనిషి. ఊరిని నడిపేది మాత్రం ఆవిడ భర్త. ఇదేం రహస్యం కాదు, బస్టాండులో బజ్జీలు వేసే ఆయన్ని అడిగినా చెప్తాడు. జనం ఆయన్నే "చైర్మన్ గారు" అంటారు. ఆవిడని "చైర్మన్ గారి భార్య" అంటారు. మీటింగు రోజున ఆయన పక్క తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆవిడ కాయితం మీద ఉన్నది చదువుతుంది. మేము ఏదైనా అడిగామా, ఆవిడ తల తలుపు వైపు తిరుగుతుంది. ఆయన తల ఊపితే ఆమోదం, చెయ్యి ఊపితే వాయిదా. సభ్యులు కానివాళ్ళు హాల్లో ఉండకూడదు కదా అని మేము గొంతు చించుకుంటే, "ఆయన హాల్లో లేరండి, గుమ్మంలో ఉన్నారు" అని కమిషనర్ గారి జవాబు. నిజమే. కుర్చీ ముందు కాళ్ళు లోపల, వెనక కాళ్ళు బయట.

ఆ ఆచారం వాళ్ళది. మాకూ ఒకటుంది, వాకౌట్. ప్రతి అజెండాలోనూ ఏదో ఒక దుబారా ఖర్చు తగలకపోదు. అది రాగానే మా ఫ్లోర్ లీడర్ లేస్తాడు. పెద్దాయన, పార్టీ పెట్టిన రోజు నుంచీ ఉన్నవాడు, మనసు మంచిదే. ఆయన్ని నేను బాబాయిగారూ అంటాను. ఆయన బల్ల గుద్ది "ప్రజాధనం దుర్వినియోగం!" అని అరుస్తాడు. మేమంతా లేచి అజెండా కాయితాలు చించి, నినాదాలు చేసుకుంటూ మెట్లు దిగి కింద వరండాలోకి వస్తాం. అక్కడ విలేకరులు కెమెరాలు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. మేము లేవగానే చైర్‌పర్సన్ భర్త కూడా లేచి, రెండో వైపు మెట్ల మీదుగా మా కంటే ముందే వరండాలో ఉంటాడు. మేము చెప్పినదానికి ఆయన జవాబు కూడా అదే పేపర్లో రావాలి కదా మరి. ఈలోపు పైన గుమాస్తా మిగిలిన అంశాలన్నీ గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు, వాళ్ళు బల్లలు చరుస్తారు, అయిపోతుంది. ఆ తరవాత బిర్యానీ. మా పొట్లాలు కూడా పక్కకి తీసి ఉంచుతారు, ఆ మర్యాదకి మాత్రం లోటు లేదు.

ఇక అసలు సంగతి. మా వీధి ఊడ్చే ఆవిడకి నా వయసే ఉంటుంది. ఆవిడ అత్త చేసిన పని ఆవిడకి వచ్చింది. తెల్లారేసరికి మస్తరు పాయింటు దగ్గర హాజరు వేయించుకుని మా వీధిలో అడుగుపెడుతుంది. చీపురు చప్పుడు కంటే ముందు ఆవిడ గొంతు వినిపిస్తుంది, "ఎవరమ్మా ఈ అరిటాకులు కాలవలో పడేసింది, మీ చేతులు పడిపోను!" అని. ఆ తిట్లకి మా వీధి అలవాటు పడిపోయింది. ఎప్పటికైనా ఆ ఉద్యోగం పర్మినెంట్ అవుతుందని ఆవిడకి గట్టి ఆశ. ఆ ఆశ మీదే కూతుర్ని ఇంటర్లో చేర్చింది.

ఊళ్ళో పారిశుధ్య కార్మికులందరిదీ ఔట్‌సోర్సింగే. జీతం ఏజెన్సీ ద్వారా రావాలి. ఆ ఏజెన్సీ గడువు అయిపోయింది. గడువు పొడిగించాలంటే కౌన్సిల్ ఆమోదం కావాలి. ఆ అంశాన్ని అజెండాలో పెట్టరు. పెట్టలేదు కాబట్టి ఆమోదం లేదు, ఆమోదం లేదు కాబట్టి జీతం లేదు. ఇలా నెలలు గడుస్తున్నాయి. కొత్త ఏజెన్సీ ఎవరి చేతికి ఇవ్వాలో చైర్‌పర్సన్ భర్తకి ఇంకా తేలకపోబట్టే అని ఊళ్ళో గుసగుసలు. కార్మికులు ఒక సోమవారం బాపట్ల కలెక్టరాఫీసులో గ్రీవెన్స్‌కి కూడా పోయి అర్జీ ఇచ్చొచ్చారు. పరిశీలనలో ఉంది అన్నారు.

ఒకరోజు పొద్దున నేను వాకిట్లో ముగ్గు పెడుతుంటే ఆవిడ చీపురు ఆపి నా ఎదురుగా నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడే మనిషి కాదు.

"కౌన్సిలరమ్మా, సోమవారం నుంచి నేను రానండి. నిజాంపట్నం పోతన్నా. మా అక్క అక్కడ చేపలు ఎండేసే పని చేస్తది. ఏ రోజు కూలి ఆ రోజే చేతిలో పెడతారంట."

వరసగా మస్తరు తప్పితే పేరు కొట్టేస్తారు. ఒకసారి కొట్టేశాక ఆ పని ఇంకెవరికో పోతుంది, మళ్ళీ రాదు. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

"ఇన్నేళ్ళు చేసిన పని వదులుకుంటావా? శనివారం మీటింగుంది. అడుగుతాను, ఆగు" అన్నాను.

ఆవిడ నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు, అలిసిపోయిన నవ్వు. "అడుగుతారమ్మా. మీరెప్పుడూ అడుగుతానే ఉంటారు. అడిగి అందరూ లేచి బయటికొచ్చేస్తారు కదా? వచ్చి ఫోటో దిగుతారు. మరి లోపల జవాబు ఎవరు ఇనాలమ్మా?"

ఒళ్ళు మండిపోయింది నాకు. ఎంత మాట అన్నావు అని అరుద్దామనుకున్నాను. అరవడానికి ఆ మాటలో తప్పు ఎక్కడా దొరకలేదు. ఆవిడ పక్కింటి వాకిలి ఊడవడం మొదలుపెట్టింది.

శుక్రవారం రాత్రి అన్నాలు తింటూ మా వారితో చెప్పాను, "రేపు నేను వాకౌట్ చెయ్యను" అని. "అందరూ పోయాక ఒక్కదానివే ఏం చేస్తావు?" అన్నారు. "కూర్చుంటాను" అన్నాను. మా అత్తగారు పప్పు వడ్డిస్తూ, "కూర్చోనీ, కుర్చీ ఏమైనా అరుగుద్దా?" అంది. మా ఇంట్లో ఆమోదం అయిపోయింది.

శనివారం హాలు నిండుగా ఉంది. ఆరోజు అజెండాలో మంత్రిగారి పర్యటన ఖర్చు ఉంది. పందిళ్ళు, ఫ్లెక్సీలు, స్వాగత ద్వారాలు, భోజనాలు. గుమాస్తా చదివాడు, "చైర్‌పర్సన్ గారి ముందస్తు అనుమతితో చేసిన ఖర్చుకు కౌన్సిల్ ఆమోదం నిమిత్తం" అని. ఈ ముందస్తు అనుమతి అనేది మంచి వెసులుబాటు. తుఫాను వస్తుంది, మంచినీళ్ళ పైపు పగులుతుంది, మీటింగు పెట్టుకునేదాకా ఆగలేం కదా. అప్పుడు చైర్‌పర్సన్ సంతకంతో ఖర్చు పెట్టేసి, తరవాత కౌన్సిల్ చేత సరే అనిపించుకోవచ్చు. మా ఊళ్ళో అది పైపులకంటే పందిళ్ళకి ఎక్కువ ఉపయోగపడింది.

బాబాయిగారు లేచాడు. బల్ల గుద్దాడు. "ప్రజాధనం దుర్వినియోగం!" మా వాళ్ళంతా లేచారు. కాయితాలు చిరిగాయి. నేను లేవలేదు. బాబాయిగారు గుమ్మం దాకా పోయి వెనక్కి చూశాడు.

"అమ్మాయ్, పదా."

"మీరు పదండి బాబాయిగారూ. నాకింకో ప్రశ్న ఉంది."

"బయట అడుగుదువుగాని!"

"బయట చెప్పేవాళ్ళెవరున్నారండీ?"

వెనక నుంచి మా వాళ్ళు నినాదాలు చేసుకుంటూ తోసుకొస్తున్నారు, మధ్యలో ఆగడానికి లేదు. ఆ ఊపులోనే మెట్లు దిగిపోయాడు.

నేను పక్క తలుపు వైపు చూశాను. కుర్చీ ఖాళీ. మొదటి నినాదం వినగానే చైర్మన్ గారు అలవాటు చొప్పున లేచి వరండాలోకి పోయాడు. మా పార్టీ అంతా లేచింది కదా, ఇక లోపల ఎవరుంటారు అనుకున్నాడు. వెనక్కి తిరిగి చూడనే లేదు. నాకు లోపల్లోపల ఎంత సంబరం వేసిందో చెప్పలేను.

గుమాస్తా అప్పటికే తరవాతి అంశం చదివేస్తున్నాడు. బల్లలు చరుస్తున్నారు. నా బల్ల మీద మైకు ఎప్పుడూ పనిచెయ్యదు. నాకు మైకుతో పనీ లేదు.

"చైర్‌పర్సన్ గారూ, ఆగమనండి!" అన్నాను.

హాలు హాలంతా నావైపు తిరిగింది. విస్తళ్ళు ఎత్తేశాక భోజనానికి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు.

"మీవాళ్ళు వాకౌట్ చేశారు కదండీ" అన్నాడు కమిషనర్.

"వాళ్ళు చేశారండీ. నేను చెయ్యలేదు. కనపడుతున్నాను కదా?" పాలకపక్షం వాళ్ళలోనే ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. "కమిషనర్ గారూ, ఆ పందిళ్ళకి కౌన్సిల్ ఆమోదం లేకుండా డబ్బెలా ఇచ్చారండీ?"

"చైర్‌పర్సన్ గారి ముందస్తు అనుమతి ఉందండి. అత్యవసరం కదండీ. అంతా నిబంధనల ప్రకారమే."

"చాలా సంతోషం. పారిశుధ్య కార్మికుల జీతాలు ఎందుకు ఇవ్వలేదండీ?"

"ఏజెన్సీ గడువు పొడిగింపుకి కౌన్సిల్ ఆమోదం లేదండి."

"మరి దానికీ అదే ముందస్తు అనుమతి సరిపోతుంది కదండీ?"

కమిషనర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సాధ్యాసాధ్యాలు పరిశీలించి..." అని మొదలుపెట్టాడు.

"పరిశీలన ఆ పందిళ్ళకి చేశారా? సాధ్యమా కాదా, ఒక్క ముక్క చెప్పండి."

"సాధ్యమేనండీ. కానీ అది చైర్‌పర్సన్ గారి ఇష్టం."

నాకు కావలసింది అదే. ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ తల ఎప్పటిలాగే తలుపు వైపు పోయింది. అక్కడ ఎవరూ లేరు. కాసేపు ఆ ఖాళీ కుర్చీనే చూసింది, మెల్లగా ఇటు తిరిగింది. కౌన్సిల్‌కి వచ్చినప్పటి నుంచీ ఆవిడ ముఖం నేను పక్క నుంచే చూశాను. సభలో ఎదురుగా చూడటం అదే మొదలు. నుదుటి మీద చెమట పట్టింది. పాపం, భయపడుతోంది. అరుద్దామని తెచ్చుకున్న గొంతు నాకు దిగిపోయింది.

"వదినా" అన్నాను. సభలో అలా పిలవకూడదని తెలుసు. కానీ పేరంటాల్లో ఆవిడ్ని నేను పిలిచేది అలాగే. "వదినా, మా వీధి ఊడ్చే ఆవిడ సోమవారం నుంచి పని మానేసి నిజాంపట్నం పోతానంటోంది. జీతం లేకుండా ఇన్ని నెలలు చేసింది, ఇంక తన వల్ల కాదంటోంది. ఈ వారం దాటితే ఆ ఉద్యోగం ఆవిడకి మళ్ళీ రాదు. అనుమతి ఇచ్చేది మీరు, ఇంకెవరూ కాదు, కమిషనర్ గారే చెప్పారు. ఇస్తారా, ఇవ్వరా? ఏదైనా సరే, మీ నోటితో చెప్పండి."

ఆవిడ నోరు తెరవబోయింది. ఈలోపు పాలకపక్షంలో ముందు వరసలో కూర్చునే ఒక పెద్దమనిషి లేచాడు.

"కాస్త ఆగండమ్మా, ఏంటా తొందర? చైర్మన్ గారు పైకి రానీండి. ఆయన వచ్చాక మాట్లాడుకుందాం."

ఆ మాట ఆయన అనకుండా ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆవిడ ఆయన వంక చూసింది. చూసి, చూసి, వేదిక మీద తన ముందున్న పేరు పలక వంక చూసుకుంది. మెడ దాకా ఎర్రబడింది. నాకు ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఏ ఆడదానికైనా ఆ చూపు అర్థమవుతుంది, పదిమందిలో మనల్ని మనిషిగా లెక్కెయ్యనప్పుడు వచ్చే చూపు అది.

"కమిషనర్ గారూ" అంది. "నేను సంతకం పెడితే జీతాలు ఎప్పటికి పడతాయండీ?"

"బిల్లు ఇవాళే పెడితే మంగళవారానికి పడొచ్చండి."

"పెట్టండి. పొడిగింపుకి అనుమతి ఇస్తున్నాను. మినిట్స్‌లో రాయండి."

గుమాస్తా కలం పట్టుకుని కమిషనర్ వంక చూశాడు, కమిషనర్ తలుపు వంక చూశాడు. ఆవిడ కింద కూర్చున్న తన సభ్యుల వైపు తిరిగింది.

"బల్లలు కొట్టరేం?" అంది.

ఓరి నాయనో! కొట్టారండీ. ముందు ఒకడు, తరవాత ఇద్దరు, తరవాత హాలంతా. అలవాటైన చేతులు కదా. నేను కూడా కొట్టాను. ప్రతిపక్షంలో కూర్చుని బల్ల కొట్టడం అదే మొదలు, అరచెయ్యి మంట పుట్టింది.

కింద చైర్మన్ గారికి ఆ చప్పుడు వినపడే ఉంటుంది. మామూలే అనుకుని ఉంటాడు. విలేకరులతో మాట్లాడటం ముగించుకుని తీరిగ్గా పైకొచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటి చెల్లెమ్మా, నువ్వు వెళ్ళలేదా?" అన్నాడు. "లేదన్నయ్యగారూ, ఇవాళ కాళ్ళ నొప్పులు" అన్నాను. ఎవరో ఆయన చెవిలో సంగతి చెప్పారు. ఆయన మొహంలో రంగు మారింది. పదిమంది ముందు పెళ్ళాన్ని ఏమంటాడు? ఆవిడ అటు చూడకుండా తరవాతి అంశం చదువుతోంది.

బాబాయిగారు మాత్రం నామీద గట్టిగానే విరుచుకుపడ్డాడు. "పేరంతా ఆవిడకి పోయిందే! రేపు పేపర్లో చైర్‌పర్సన్ జీతాలిప్పించింది అని వస్తుంది. మన పార్టీకి ఏం మిగిలింది?" అని. పార్టీకి నష్టమైతే అయి ఉండొచ్చు. నేను వెనక్కి తగ్గలేదు. "జీతాలు ఎందుకివ్వలేదని అడగమన్నారు, అడిగాను. ఇస్తామన్నారు. ఇంక నేనెందుకు ఏడవాలి బాబాయిగారూ?" అన్నాను. ఆయన కాసేపు గొణిగి, బిర్యానీ పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే మా వీధి ఊడ్చే ఆవిడ ఇంటికి పోయి చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆవిడ గుడ్డల మూట కడుతూ విన్నది.

"మంగళవారమా?" అంది. "ఎన్ని మంగళవారాలు విన్నానమ్మా. పోయిన నెల మేస్త్రీ చెప్పాడు, అంతకుముందు శానిటరీ ఇనస్పెక్టరు చెప్పాడు. మీరు మంచోళ్ళే. మీ చేతిలో ఏవుంది?"

సోమవారం తెల్లవారుజామునే నేను మస్తరు పాయింటుకి పోయాను. అందరూ వచ్చారు. ఆవిడ రాలేదు. "పొద్దున్నే మొదటి బస్సెక్కి పోయిందండి" అన్నాడు హాజరు వేసే మేస్త్రీ. ఈ ఒక్కరోజు సర్దుతాను, రేపు కూడా రాకపోతే పేరు తీసేయాలండి అని కూడా చెప్పాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అంత గెలిచి, ఎవరి కోసం గెలిచానో ఆవిడే లేకుండా పోతే ఆ గెలుపు నాకెందుకు? జీతం మర్నాడు ఎలాగూ పడుతుంది. పేరు కొట్టేశాక పడిన జీతంతో ఆవిడ ఇంకో నెల గడుపుతుందేమో, అంతే. ఆ పర్మినెంటు ఆశ, ఆ పిల్ల చదువు, అన్నీ పోయినట్టే.

అక్కడి నుంచే చైర్‌పర్సన్‌కి ఫోన్ చేశాను. ఆ నంబరుకి ఎప్పుడు చేసినా ఆయనే ఎత్తేవాడు. ఆ రోజు ఆవిడే ఎత్తింది. సంగతి చెప్పి, నిజాంపట్నం పోయి ఆవిడని తీసుకొస్తానన్నాను.

"నేనూ వస్తా వదినా" అంది.

"మీరెందుకండీ?"

"సంతకం పెట్టింది నేను కదా. నా మాట ఆవిడ నమ్మాలి కదా. కారు ఆయన బాపట్ల తీసుకుపోయారు, బస్సులో పోదాం."

ఇద్దరం రేపల్లె బస్సెక్కాం. ఒకే సీట్లో మమ్మల్నిద్దర్నీ చూసి కండక్టరు తెల్లబోయాడు. "ఏంటండీ, పొత్తు పెట్టుకున్నారా?" అన్నాడు. "టికెట్ కొట్టవయ్యా బాబూ, ఆడవాళ్ళకి ఎలాగూ ఫ్రీయేగా" అన్నాను. ఆవిడ నవ్వింది. తరవాత కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. శనివారం ఇంటికి పోయాక ఏం జరిగిందని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి. రేపల్లెలో దిగి ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకుని నిజాంపట్నం పోయాం.

హార్బరు పక్కన ఇసక మీద వలలు పరిచి, వాటి మీద చేపలు ఎండేశారు. ఎండ అప్పటికే చుర్రుమంటోంది. ఆ వాసనకి చైర్‌పర్సన్ గారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోబోయి, అంతలోనే తీసేసింది. ఆడవాళ్ళు బారుగా కూర్చుని చేపలు తిరగేస్తున్నారు. మా వీధి ఊడ్చే ఆవిడ చివర్లో ఉంది. మమ్మల్ని చూసింది కానీ లేవలేదు.

"పదమ్మా" అన్నాను. "రేపు జీతం పడుతుంది. రేపు నువ్వు మస్తరులో లేకపోతే పేరు తీసేస్తారు."

ఆవిడ నావైపు చూడనే లేదు. చైర్‌పర్సన్ వైపు చూసింది.

"అమ్మగారూ, ఒక్క మాట అడుగుతా, ఏవీ అనుకోమాకండి. జీతాలిస్తామనే మాట మీరు చెప్తన్నారా, మీ ఆయన చెప్పమన్నాడా?"

పక్కనున్న ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. ఊరంతా చైర్‌పర్సన్ వెనక అనుకునే మాటని ఎవరూ ఆవిడ మొహం మీద అనలేదు, నాతో సహా. చైర్‌పర్సన్ కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"నేనే చెప్తున్నా" అంది. "ఆయన వద్దన్నారు."

మా వీధి ఆవిడ చేతిలో చేప కింద పెట్టి, చీర కుచ్చెళ్ళకి చేతులు తుడుచుకుని లేచింది.

"వద్దన్నా చెప్పారా? అయితే ఇస్తార్లే, పదండి" అంది.